ఊయలయు పిడుగును

హైదరాబాదు నగరమునకు ఉత్తరపువైపున, నాగపురము పోవు రహదారిపై మేడ్చల్, కరీంనగరము పోవు రహదారిపై శామీర్‌పేట యను ఊళ్లు గలవు. ఈ రెండును 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన ఏర్పడిన మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలోనివి. నగరము ఈ వైపునకు వేగముగా పెరుగుచున్నను, ఇచ్చటి నేల తన పాత సొగసును పూర్తిగా కోల్పోలేదు. ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న బండరాళ్ల గుట్టలు, వాని సందులలో సీతాఫలపు పొదలు, పొలముగట్లపై తాటిచెట్లు, ఊరిబయట వేపలు, చింతలు నేటికిని కనులపండువు చేయుచున్నవి. శామీర్‌పేట చెఱువు నిజాముల పాలనాకాలమున నిర్మింపబడినది. దాని చేరువనే జింకలవనము గలదు. మేడ్చల్ త్రోవలో కండ్లకోయ యొద్ద అటవీశాఖవారి ఉద్యానవనము గలదు. సెలవుదినములందు నగరవాసులును, పాఠశాలల బాలభటులును చెట్లనీడ వెదకుకొనుచు ఇట్టి తావులకు వత్తురు.

విడిదికి పోవువారు కొందఱు ఇటీవల గుడారములకు బదులుగా ఊయలలను కొనిపోవుచున్నారు. బలమైన నైలాను గుడ్డను రెండుచెట్ల నడుమ పట్టీలతో బిగించి కట్టినచో చక్కని పాన్పు సిద్ధమగును. నేలపై రాళ్లు గ్రుచ్చుకొనవు. తేలు, పాము భయము తగ్గును. గాలి చల్లగా వీచును.

తెలుగువారికి ఊయల క్రొత్తది కాదు. కూలిపనికి పోయిన తల్లి తన పాతచీరను చింతకొమ్మకు కట్టి, అందు పసిబిడ్డను పరుండబెట్టి, ప్రక్కచేనిలో కలుపుదీయుచుండును. తెలంగాణమున దీనిని తొట్టెల యందురు. నగరమునుండి వచ్చిన యువకుని నైలాను ఊయలకును, కూలితల్లి చీర తొట్టెలకును ఆధారము చెట్టే. ఎండవేళ ఆ చెట్టు అమ్మవలె కాపాడును. కాని ఆకాశము నల్లబడి ఉఱుము వినబడినప్పుడు అదే చెట్టు ప్రమాదమునకు నిలయమగును. ఈ మార్పును సకాలమున గుర్తించుటయే పిడుగునుండి తప్పించుకొను విద్యకు మొదటి అక్షరము.

విషయము తేటపడుటకై యొక విడిదిని ఊహింతము.

అది మే నెల. ఎనిమిదవ తరగతి బాలభటులు పండ్రెండుమంది తమ ఉపాధ్యాయునితో కలిసి శామీర్‌పేట చెఱువునకు కొంతదూరమున నున్న యొక వేపతోపు చేరిరి. తోపు యజమానియొద్ద ముందుగనే అనుమతి పొందియుండిరి. బాలురు మూటలు దింపీ దింపకముందే ఊయలలకు చెట్లు వెదకసాగిరి. వారిలో చురుకైన యొక బాలుడు తోపునంతటను ఎత్తైన రెండు వేపచెట్లను ఎన్నుకొని, పట్టీలు బిగించి, ఊయలలో కూర్చుండి ఊగుచు, "సారూ! ఈ రాత్రి ఇదే నా పట్టెమంచము" అనెను.

ఉపాధ్యాయుడు చిఱునవ్వు నవ్వి, "మంచిది బిడ్డా. ఈ సాయంకాలము పిడుగులతో గాలివాన వచ్చినచో ఏమి చేయుదువు?" అని యడిగెను.

"ఊయల విడువను సారూ. పైన తార్పాలిను కట్టుకొందును. పిడుగు నేలలోనికి గదా పోవును? నేను నేలను తాకనే తాకను. ఇంక నన్నేమి చేయును?"

తక్కిన బాలురకు ఈ యుత్తరము సమంజసముగనే తోచెను. చదువుకొన్నవారు సైతము తఱచుగ ఇట్లే తలంతురు. కాని ఇది పొరపాటు. ఎట్లు పొరపాటో తెలియవలెనన్న పిడుగు స్వభావమును కొంత ఎఱుగవలెను.

వేసవియెండకు నేల కాగును. నేలనంటిన తేమగాలి వేడెక్కి పైకి లేచును. అట్లు లేచినగాలి చల్లబడి మేఘమగును. అనుకూల పరిస్థితులలో ఆ మేఘము పెరిగి పెరిగి 12 లేక 15 కిలోమీటర్ల ఎత్తునకు గోపురమువలె లేచును. దానికే క్యుములోనింబస్ మేఘమని పేరు. పైభాగమున చలి మిక్కుటము. అచ్చట చిన్న మంచుస్ఫటికములును, మెత్తని మంచుగుళికలును ఒకదానితో నొకటి ఢీకొనుచుండును. ఈ రాపిడివలన తేలికయైన స్ఫటికములు ధనవిద్యుత్తును పొంది పైకి పోవును. బరువైన గుళికలు ఋణవిద్యుత్తును పొంది క్రిందుగా నిలుచును. మేఘపు క్రిందిభాగమున ఋణవిద్యుత్తు పేరుకొనినకొలది దానికెదురుగా నేలపై ధనవిద్యుత్తు చేరును.

గాలి సామాన్యముగా విద్యుత్తును పోనీయదు. కాని ఈ రెంటి నడుమ ఒత్తిడి మితిమీఱినప్పుడు మేఘమునుండి యొక విద్యుద్రేఖ మెట్లుమెట్లుగా క్రిందికి దిగివచ్చును. ఒక్కొక్క మెట్టు సుమారు 50 మీటర్ల పొడవుండును. అది నేలను సమీపించునప్పుడు చెట్టుకొననుండియు, స్తంభపు కొననుండియు, ఒక్కొక్కప్పుడు బయట నిలిచిన మనుష్యుని తలనుండియు చిన్న విద్యుద్రేఖలు దానికెదురుగా పైకి లేచును. ఏ రేఖ దానిని ముందుగా కలియునో ఆ త్రోవన పిడుగు పడును. ఆ క్షణమున ప్రవహించు విద్యుత్తు సుమారు 30,000 ఆంపియర్లు. ఇంటిలోని పెద్ద సాకెట్టు 16 ఆంపియర్లకు మాత్రమే తగినదని తలచిన దీని బలము తెలియగలదు. పిడుగుత్రోవలోని గాలి సుమారు 30,000 సెల్సియస్ డిగ్రీల వఱకు వేడెక్కును. సూర్యుని ఉపరితలపు వేడిమికి ఇది ఐదురెట్లు. ఇట్లు వేడెక్కిన గాలి ఒక్కుమ్మడిగా వ్యాపించుటవలన కలుగు శబ్దమే ఉఱుము.

మెఱుపు విద్యుత్తే యని పదునెనిమిదవ శతాబ్దమున ఋజువయ్యెను. అమెరికా దేశీయుడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ సూచించిన ప్రయోగమును 1752వ సంవత్సరము మే నెలలో ఫ్రాన్సుదేశమునందు చేసి చూచిరి. మఱుసటి సంవత్సరమే, అనగా 1753లో, సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరమున రిఖ్‌మన్ అను శాస్త్రజ్ఞుడు అట్టి పరిశోధన చేయుచు పిడుగు దెబ్బకు మరణించెను. పిడుగును కొలువబూనిన శాస్త్రజ్ఞునే అది విడువలేదు. దానియెదుట ధైర్యము ప్రదర్శించుట వివేకము కాదు.

ఇప్పుడు ఊయలలోని బాలుని మాటను పరిశీలింతము. పిడుగు మనుష్యుని ఐదువిధముల బాధింపగలదు. నేరుగా తలపై పడుట మొదటిది. పిడుగుపడిన తీగనో, కంచెనో, చెట్టునో తాకియుండుటవలన దెబ్బతగులుట రెండవది. పిడుగు పడిన చెట్టునుండి విద్యుత్తు ప్రక్కనున్న మనుష్యునిమీదికి దూకుట మూడవది. నేలలో వ్యాపించు విద్యుత్తు ఒక పాదమునుండి ఎక్కి మఱియొక పాదమునుండి దిగుట నాల్గవది. ఇంతకుముందు చెప్పినట్లు మనుష్యుని దేహమునుండియే ఎదురురేఖ లేచుట ఐదవది.

వీనిలో నేలవెంట వచ్చు దెబ్బ చిన్నది కాదు. 2016వ సంవత్సరము ఆగస్టు నెలలో నార్వేదేశమునందలి హార్డంగెర్విడ్డా పీఠభూమిపై గాలివాననాడు ఒక్కచోట గుమిగూడిన 323 ధ్రువపు జింకలు పిడుగుపాటున మరణించెను. పశువుల ముందుకాళ్లకును వెనుకకాళ్లకును నడుమ దూరము హెచ్చు. వాని గుండె ఆ నడుమనే యుండును. కావున నేలవెంట వచ్చిన విద్యుత్తు వానిని సులభముగా చంపును. మన పల్లెలలో చెట్టుక్రింద చేరిన గొఱ్ఱెలమంద ఒక్క పిడుగుతో నేలకొరుగుటకు కారణమిదియే.

నేలను తాకని ఊయలలో ఈ నాల్గవ దెబ్బ కొంత తగ్గవచ్చును. బాలుని మాటలో నిజమింతమాత్రమే. అయితే తక్కిన దెబ్బలనుండి ఊయల కాపాడజాలదు సరిగదా, వానిని చేరువకు తెచ్చును. ఊయల కట్టుటకు చెట్లు కావలెను. పిడుగు వెదకునదియు ఎత్తైన చెట్లనే. చెట్టుమ్రానుకంటె మనుష్యదేహము విద్యుత్తును సులభముగా పోనిచ్చును. కావున చెట్టుపై పడిన పిడుగు సగము దిగి, దగ్గఱనున్న మనుష్యునిమీదికి దూకును. ఇంక ఊయలలో పరుండినవాడు చెట్టునకు దగ్గఱగా నుండుట మాత్రమే కాదు, పట్టీలద్వారా దానితో కలుపబడియున్నాడు. వానకు తడిసిన పట్టీ, తడిసిన గుడ్డ విద్యుత్తునకు త్రోవనిచ్చును. అట్లు రెండుచెట్ల నడుమ అతని దేహమే వంతెనయగును. పైన కట్టిన తార్పాలిను వాననీటిని ఆపునేగాని పిడుగును ఆపదు. గుడారమును అంతే. రబ్బరు చెప్పులును అంతే. కిలోమీటర్లకొలది గాలిని చీల్చుకొనివచ్చిన విద్యుత్తునకు అరంగుళపు రబ్బరు అడ్డమా?

లోహము పిడుగును ఆకర్షించునని కొందఱును, సెల్‌ఫోను ఆకర్షించునని మఱికొందఱును చెప్పుదురు. జేబులోని వస్తువునుబట్టి పిడుగు పడదు. ఎత్తు, ఒంటరితనము, మొనదేలిన ఆకారము, ఈ మూడును పిడుగుపాటును నిర్ణయించు ముఖ్యలక్షణములు. మైదానమున నిలిచిన ఒంటితాటికి ఈ మూడును గలవు. చెఱువుగట్టుపై నడచుచున్న మనుష్యునికిని, గుట్టకొప్పున నిలిచినవానికిని, చెఱువునీటిలో తల మాత్రము కనబడునట్లు ఈదువానికిని అట్లే ఎత్తును ఒంటరితనమును కలుగును.

"మఱి ఎక్కడికి పోవలెను సారూ?" అని బాలుడు ఊయలనుండి దిగి యడిగెను.

ఉపాధ్యాయుడు చేయి చాపి చూపెను. తోపునకు అరకిలోమీటరు దూరమున ఊరి పాఠశాల కనబడుచుండెను. ఇటుకగోడలును, గట్టి కప్పును, తలుపులును గల భవనము అది. అట్టి భవనమున పిడుగుపడినను గోడలలోని తీగలు, నీటిగొట్టములు విద్యుత్తును నేలలోనికి కొనిపోవును. లోపలనున్నవారు కుళాయిలను, ప్లగ్గునకు తగిలించిన పరికరములను, తీగగల ఫోనును ముట్టకుండిన చాలును. కాని నాలుగుకఱ్ఱలపై వేసిన పందిరి, చేనిలోని మంచె, బస్సుకొఱకు నిలుచు తెఱపి రేకులకొట్టము, చెట్టుక్రింది చిన్నగుడి ఇట్టి రక్షణ నీయవు. 2021వ సంవత్సరము జులై 11వ తేదీన జయపురము దాపున ఆమేరుకోట యెదుటి గుట్టపైగల బురుజుపై పిడుగుపడి పదకొండుమంది మరణించిరి. రాతికట్టడమైనను ఎత్తుననుండి నలువైపుల తెఱచియున్నది రక్షణస్థలము కాదని దీనివలన తెలియవలెను.

భవనము దగ్గఱలేనిచో అద్దములు మూసిన కారు లేక బస్సు మంచిది. ఇందు రక్షించునది రబ్బరు చక్రములు కావు, చుట్టునున్న లోహపుకవచము. లోహపుగూటిపై పడిన విద్యుత్తు దాని పైపొరవెంట పోవునేగాని లోపలికి రాదని ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు మైకేల్ ఫారడే 1836లో నిరూపించెను. మోటారుసైకిలు, తెఱపి ట్రాక్టరు, ఆటోరిక్షా ఈ రక్షణను ఈయజాలవు.

అప్పుడు దళము రెండు నియమములు చేసికొనెను. ఉఱుము వినబడినంతనే ఉన్నవస్తువు ఉన్నచోటనే విడిచి పాఠశాలకు పోవుట మొదటిది. చివరి ఉఱుము వినబడిన తరువాత ముప్పది నిమిషములు గడచువఱకు బయటికి రాకుండుట రెండవది. పాఠశాల తాళముచెవి యెవరియొద్ద గలదో ముందుగనే విచారించి తెలిసికొనిరి. ఊయలలను ఎత్తైన చెట్లనుండి విప్పి, తోపు నడుమ ఒకే ఎత్తున పెరిగిన చిన్నచెట్లకు కట్టిరి. ఇదియు పిడుగునుండి రక్షణ కాదని, ప్రమాదమును కొంత తగ్గించుట మాత్రమేయని ఉపాధ్యాయుడు మఱల మఱల చెప్పెను.

ఆ మధ్యాహ్నము మూడుగంటలకు గాలి స్తంభించెను. ఉక్క హెచ్చెను. వాయవ్యమున తెల్లని మేఘమొకటి గోపురమువలె లేచి, చూచుచుండగనే దాని అడుగుభాగము కాటుకవలె నల్లబడెను. కొంతసేపటికి మేఘములోపల నొక మెఱుపు మెఱసెను.

మెఱుపు మెఱసినప్పుడు అర్జునుని పదిపేర్లు తలచుకొనుట తెలుగుపల్లెలలో పెద్దలు నేర్పిన ఆచారము. ఆ పేర్లు భయపడిన పసివానికి ధైర్యమునిచ్చును. దళములో నొక బాలుడు అలవాటుచొప్పున ఆ పేర్లను మొదలిడెను. ప్రక్కవాడు అదే సమయమున ఒకటి, రెండు, మూడు అని సెకండ్లు లెక్కించెను. ఇరువది నాలుగు అనునప్పటికి ఉఱుము వినబడెను.

వెలుగు తత్‌క్షణమే కంటికి చేరును. శబ్దము సెకండునకు సుమారు 340 మీటర్లు మాత్రమే పోవును. అనగా కిలోమీటరునకు దాదాపు మూడు సెకండ్లు. ఇరువదినాలుగును మూడుతో భాగించిన ఎనిమిది. పిడుగుమేఘము ఎనిమిది కిలోమీటర్ల దూరమున నున్నది. "ఇంకను చాల దూరము గదా!" అని యొక బాలుడనెను. దూరము కాదు. మేఘమునుండి పది కిలోమీటర్ల దూరమునకును పిడుగు పోయి పడగలదు. వాన చుక్క పడకముందే పడగలదు. ముప్పది సెకండ్ల లోపల ఉఱుము వినబడినచో ఆశ్రయమునందే యుండవలెనని నిపుణుల మాట. లెక్కించుట రానివారికి అంతకంటె సులభమైన సూత్రము గలదు: ఉఱుము చెవిని పడినదన్న పిడుగు చేరదగినంత దగ్గఱలోనే యున్నది. పేర్లు నోట తలచుకొనవచ్చును. కాళ్లు మాత్రము ఆగరాదు.

ఎత్తైన చెట్టు కోరిన ఆ బాలుడు తన ఊయల విప్పుటకు పట్టీలతో పెనగులాడుచుండెను. ముడి బిగిసిపోయి రాకుండెను. అది అతని అన్న కొనియిచ్చిన క్రొత్త ఊయల. ఉపాధ్యాయుడు గట్టిగా, "విడువుము బిడ్డా! ఊయల మఱల దొరకును" అనెను. బాలుడు ఒక్కసారి వెనుదిరిగి చూచి, పట్టీలు విడిచి కదలెను.

త్రోవలో చేనిగట్టున నొక చింతచెట్టు. దానికొమ్మకు చీరతొట్టెల. అందు పసిబిడ్డ నిద్రించుచుండెను. తల్లి చేనిలో మఱి ఇద్దఱు స్త్రీలతో కలిసి పనిచేయుచుండెను. వాన మొదలైనచో చెట్టుక్రిందికి వత్తమని వారి తలంపు. ఆ బాలుడే ముందుకు పరుగెత్తి, "అక్కా! ఉఱుముచున్నది. చెట్టుక్రింద నుండవద్దు. బిడ్డను తీసికొని మాతో బడికి రా" అని పిలిచెను.

"ఈ చింత మా తాతలనాటిది నాయనా. ఎన్ని వానలు చూచినదో!" అని ఆమె యనెను.

"వానను చూచినదక్కా. పిడుగును చూచిన చెట్టు నీకిట్లు చెప్పుటకు మిగులదు" అని బాలుడు బదులు పలికెను. అంతలో రెండవ ఉఱుము మఱింత గట్టిగా వినబడెను. ఆమె మాఱుమాట లేక తొట్టెలనుండి బిడ్డను తీసి భుజమున వేసికొనెను. స్త్రీలు ముగ్గురును దళముతో కలిసి నడచిరి. ఉపాధ్యాయుడు పిల్లలను గుంపుగా కాక ఎడమెడముగా నడిపించెను. అట్లు నడచినచో ఒకవేళ పిడుగుపడినను అందఱును ఒక్కమారు దెబ్బతినరు, మిగిలినవారు సాయపడగలరు.

వారు పాఠశాల చేరిన కొలదినిమిషములకు గాలిదుమారము లేచెను. పిదప వడగండ్లు, ఆపైన కుండపోత. కిటికీలు తెల్లగా వెలిగి వెలిగి ఆఱుచుండెను. ఒక పిడుగు చెవులు చిల్లులుపడునట్లు దగ్గఱలోనే పడెను. బిడ్డ ఏడువసాగెను. ఎవరును మాటాడలేదు.

వాన వెలిసినది. చివరి ఉఱుము తరువాత ముప్పది నిమిషములు గడియారము చూచుకొని అందఱును బయటికి వచ్చిరి. చెఱువువైపున నొక తాటిచెట్టు మొవ్వు మాడి సన్నగా పొగ వచ్చుచుండెను. చింతచెట్టు చెక్కుచెదరలేదు. తోపులో ఊయలలు నీరుకారుచు వ్రేలాడుచుండెను. అంతకుమించి ఏమియు జరుగలేదు.

"అయితే మనము ఊరక పరుగెత్తితిమా సారూ?" అని యొకడు అడిగెను.

"తాటిచెట్టునకును చింతచెట్టునకును నడుమ పిడుగు దేనిని ఎన్నుకొనునో మనకు ముందు తెలియదు. తెలియనప్పుడు తడిసిన ఊయలయే చౌకబేరము" అని ఉపాధ్యాయుడు చెప్పెను. తల్లి బిడ్డను గుండెలకు హత్తుకొని తాటిచెట్టువైపు చూచుచు నిలిచెను.

అందఱకును అట్లు సమీపమున భవనము దొరకదు. ఆశ్రయము చేరకముందే ఉఱుము ముంచుకొనివచ్చినచో ఊయలనుండి వెంటనే దిగవలెను. ఒంటిచెట్టు, గుట్టకొప్పు, చెఱువునీరు, తీగకంచె, విద్యుత్‌స్తంభము వీనికి దూరము కావలెను. ఒకే ఎత్తున పెరిగిన చిన్నచెట్ల నడుమ పల్లపునేల కొంత మేలు. గుంపుగూడరాదు. నేలపై పరుండరాదు, పరుండినచో నేలవెంట వచ్చు విద్యుత్తునకు దేహమంతయు త్రోవయగును. పాదములు రెండును దగ్గఱగా చేర్చి ముడుచుకొని కూర్చుండుట ప్రమాదమును రవంత తగ్గించునేగాని కాపాడదు. కావున భవనమువైపు పోవు అవకాశమున్నంతవఱకు కూర్చుండక పోవుటయే మంచిది.

పిడుగు తగిలినవానిని ముట్టిన తమకును దెబ్బ తగులునని కొందఱు భయపడుదురు. ఇది వట్టి అపోహ. అతని దేహమున విద్యుత్తు నిలువయుండదు. వెంటనే ముట్టవచ్చును, ముట్టవలెను. పిడుగు గుండెను ఆపవచ్చును, శ్వాసను ఆపవచ్చును. ఆ నిమిషములందు చేయు సాయమే ప్రాణము నిలుపును. శ్వాస లేనిచో రొమ్ము నడుమ రెండుచేతులను ఒకదానిపై నొకటి మోపి, నిమిషమునకు 100 నుండి 120 మార్లు, పెద్దవారికి ఐదు సెంటీమీటర్ల లోతున గట్టిగా అదుముచుండవలెను. పలువురు పడిపోయినచో మూలుగువారికంటె ముందుగా చచ్చినట్లున్నవానిని చూడవలెను. ఏలయన మూలుగువాడు శ్వాసించుచున్నాడు. ఒకరు సాయము చేయుచుండగా మఱియొకరు 108 సంఖ్యకు ఫోను చేయవలెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2005లో ఆరంభమైన ఈ అత్యవసర సేవాసంస్థ కార్యాలయము మేడ్చల్ త్రోవలోని దేవరయాంజాల్‌లోనే నెలకొన్నది.

పిడుగు ఎప్పుడో యొకమారు వచ్చు వింత కాదు. జాతీయ నేర గణాంక సంస్థ లెక్కలనుబట్టి 2020, 2021, 2022 సంవత్సరములలో మనదేశమున ఏటేట 2,800 మందికి పైగా పిడుగుపాటున మరణించిరి. వీరిలో చేలలో పనిచేయువారు, పశువులను కాచువారు పెక్కుమంది. 2018వ సంవత్సరము ఏప్రిల్ 24వ తేదీన ఆంధ్రప్రదేశమున పదమూడు గంటలలో 36,749 పిడుగులు నమోదయ్యెను. వేసవి చివరనుండి రోహిణి, మృగశిర కార్తెల వఱకును, మఱల వానకాలము ముగియునప్పుడును తెలుగునేలపై ఇట్టి దినములు వచ్చును. మధ్యాహ్నము, సాయంకాలము ప్రమాదము హెచ్చు.

ఇప్పుడు ముందుహెచ్చరిక దొరకుచున్నది. భారత వాతావరణశాఖ ప్రతిదినమును సూచనలు వెలువరించుచున్నది. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్రసంస్థ వారు మెఱుపుల జాడను తెలుపు 'దామిని' యను సెల్‌ఫోను సాధనమును రూపొందించిరి. దామిని యనగా మెఱుపే. విడిదికి బయలుదేరకముందే ఈ సూచనలు చూడవలెను. పిడుగుల హెచ్చరిక యున్నచో ఆ రాత్రి ఊయలలో పరుండు తలంపే మానవలెను. నిద్రించువానికి మేఘము కనబడదు, మొదటి ఉఱుము వినబడకపోవచ్చును.

ఉఱుము ఉఱిమి మంగలముమీద పడినట్లని సామెత. ఎక్కడనో ఉఱిమినది తనమీద పడదని తలచుట మానవసహజము. ఆ తలంపే చేటు తెచ్చును. చెట్టును ప్రేమింపవచ్చును, దాని నీడన ఊగవచ్చును, దాని కొమ్మకు బిడ్డ తొట్టెల కట్టవచ్చును. కాని ఉఱుము వినబడినంతనే దానిని విడిచిపోవలెను. పోవునప్పుడు ప్రక్కచేనిలో నున్నవారినిగూడ పిలువవలెను. వాన వెలిసిన తరువాత చెట్టు అచ్చటనే యుండును. దానికడకు తిరిగివచ్చుటకు మనము మిగులవలెను.

ప్రశ్నలు

1. ఊయల నేలను తాకకున్నను పిడుగునుండి కాపాడజాలదు. కారణములు వివరింపుము.
2. మెఱుపునకును ఉఱుమునకును నడుమ 15 సెకండ్లు గడచినచో పిడుగు ఎంత దూరమున పడియుండును? అప్పుడేమి చేయవలెను?
3. కారులో నున్నవానిని రక్షించునది యేది? మోటారుసైకిలు ఏల రక్షింపదు?
4. పిడుగు తగిలినవానికి చేయవలసిన ప్రథమచికిత్స యెట్టిది?
5. మీ పాఠశాల చుట్టుప్రక్కల పిడుగువేళ ఆశ్రయమునకు తగినవి యేవి, తగనివి యేవి? పట్టిక వ్రాయుము.